మన మాట - మన రాత: బడిలో ఏ తెలుగు రాయాలి?

ఒక పిల్లవాడు పరీక్ష కాగితంలో ఇలా రాశాడనుకోండి:

"మా అన్న ఊరినుంచి వచ్చి నాకు పుస్తకం ఇచ్చాడు."

ఈ వాక్యంలో తప్పేమన్నా ఉన్నదా? ఎంత వెతికినా మీకు కనిపించదు. కాని ఈ వాక్యాన్నే 1905వ సంవత్సరంలో మద్రాసు రాజధానిలోని ఏ బడిలోనైనా రాసి ఉంటే, పంతులుగారు దానినిండా గీతలు గీసి ఉండేవారు. ఆ రోజుల్లో బడిపిల్లలు ఈ సంగతినే ఇలా రాయవలసి ఉండేది:

"మా యన్న యూరినుండి వచ్చి నాకుఁ బుస్తకమిచ్చెను."

"నాకు" పక్కన సగం సున్న ఒకటి వచ్చి కూర్చున్నది. దాన్ని అరసున్న అంటారు. దాని తరవాత ఉన్న పుస్తకం కాస్తా "బుస్తకము" అయిపోయింది! ఇదేం చిత్రం అంటారా? చిత్రం కాదు, వ్యాకరణ సూత్రమే. "నాకు" వంటి కొన్ని మాటల చివర "న" అనే అక్షరం దాగి ఉంటుంది. దాన్ని ద్రుతం అంటారు. ద్రుతం తరవాత క, చ, ట, త, ప అనే అక్షరాలు వస్తే, అవి గ, జ, డ, ద, బ అనే అక్షరాలుగా మారతాయి. "పూచెను" పక్కన "కలువలు" చేరితే "పూచెఁ గలువలు" అవుతుంది.

పాతకాలపు పద్యాలు చదివేటప్పుడు ఈ సూత్రం తెలిసి ఉంటే ఎంతో మేలు. అది తెలియకపోతే, "గలువలు" అంటే ఏమిటో తెలియక నిఘంటువు అంతా వెతికి విసిగిపోతాం. కాని ఏ పిల్లవాడైనా ఇంట్లో అమ్మతో "నాకుఁ బుస్తకమిమ్ము" అంటాడా? ఆ కాలంలో కూడా ఎవరూ అనేవారు కారు. పంతులుగారు కూడా తన ఇంట్లో అలా మాట్లాడేవారు కారు. నోటితో ఒక తెలుగు, కలంతో మరొక తెలుగు - ఇదీ అప్పటి పరిస్థితి. నోటి తెలుగును వ్యావహారికమనీ, కలం తెలుగును గ్రాంథికమనీ అనేవారు.

ఈ సూత్రాలు ఎక్కణ్ణించి వచ్చాయి?

పరవస్తు చిన్నయసూరి అనే గొప్ప పండితుడు మద్రాసులో ఉండేవాడు. ఆయన 1853లో "నీతిచంద్రిక" అనే కథల పుస్తకమూ, 1858లో "బాలవ్యాకరణం" అనే వ్యాకరణ గ్రంథమూ ప్రచురించాడు. బాలవ్యాకరణం చాలా గొప్ప పుస్తకం. పాత కావ్యాలలోని భాష ఎలా నడుస్తుందో అందులో చక్కని సూత్రాలుగా ఉన్నది. కాని చిక్కు తరవాత వచ్చింది. పద్యాల భాషకు చెప్పిన సూత్రాలను, బడిపిల్లలు రాసే ఉత్తరాలకూ, వ్యాసాలకూ కూడా చట్టం చేశారు. నన్నయగారు భారతం రాసింది 11వ శతాబ్దంలో. ఆయన భాషలో ఆవుమీద వ్యాసం రాయమని 20వ శతాబ్దపు పిల్లవాణ్ణి కూర్చోపెట్టారు!

ఇప్పుడు ఆ పిల్లవాడి స్థితి ఆలోచించండి. ఆవును గురించి వాడికి ఎన్నో సంగతులు తెలుసు. వాడి ఇంట్లోనే ఆవు ఉన్నది. అది ఎప్పుడు పాలిస్తుందో, ఎవరిని పొడుస్తుందో, దూడను ఎలా నాకుతుందో వాడు చెప్పగలడు. కాని కలం పట్టేసరికి, "ఇక్కడ అరసున్న ఉన్నదా? ఈ రకారం మామూలుదా, బండి ఱ నా?" అనే భయమే వాడి తలనిండా ఉండేది. తప్పులు పడతాయనే భయంతో వాడు ఎవరో రాసిన నాలుగు వాక్యాలు బట్టీపట్టి అవే రాసేవాడు. వాడికి తెలిసిన సంగతులన్నీ వాడిలోనే ఉండిపోయేవి.

పర్లాకిమిడి పంతులుగారు

ఇది సరి కాదని గట్టిగా పట్టుబట్టిన మనిషి గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. ఆయన 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టాడు. పర్లాకిమిడిలో రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా పనిచేశాడు. పర్లాకిమిడి ఇప్పుడు ఒడిశా రాష్ట్రంలో ఉన్నది.

పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండల్లో సవరలు ఉంటారు. వారి భాష తెలుగు కాదు. గిడుగువారు ఆ భాష నేర్చుకున్నాడు. సవర పిల్లలకు సవర భాషలోనే వాచకాలు తయారుచేశాడు. ఆ భాషను గురించి ఆయన ఇంగ్లీషులో రాసిన పుస్తకాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. ఏ పిల్లవాడికైనా వాడికి వచ్చిన భాషతో చదువు మొదలుపెట్టాలన్నది ఆయన పట్టుదల. సవర పిల్లవాడికి న్యాయమైనది తెలుగు పిల్లవాడికి మటుకు న్యాయం కాదా?

1906-07 ప్రాంతంలో ఉత్తర కోస్తా జిల్లాల బడులను తనిఖీ చెయ్యటానికి యేట్సు అనే ఇంగ్లీషు అధికారి వచ్చాడు. ఆయనకు తెలుగు నేర్చుకోవాలని ఉన్నది. కాని బడిలో నేర్పే తెలుగు ఒకటీ, బజారులో వినిపించే తెలుగు ఇంకొకటీ కావటం చూసి ఆయనకు ఆశ్చర్యం కలిగింది. ఇలా ఎందుకున్నదని అడిగాడు. ఈ ప్రశ్న గిడుగువారి దాకా వచ్చింది. ఆయన స్నేహితుడైన గురజాడ అప్పారావుగారు కూడా దీన్ని పట్టించుకున్నాడు. జనం మాట్లాడే భాషలో ఎంత గొప్ప రచన చెయ్యవచ్చునో గురజాడవారు అప్పటికే చూపించాడు. ఆయన "కన్యాశుల్కం" నాటకం 1897లోనే అచ్చయింది.

అక్కణ్ణించి పెద్ద వాదం మొదలయింది. 1912-13 ప్రాంతంలో ప్రభుత్వం, స్కూలు ఫైనలు పరీక్షలో పిల్లలు తెలుగు వ్యాసాన్ని గ్రాంథికంలో గాని, వాడుకభాషలో గాని రాయవచ్చునన్నది. పండితులలో చాలామంది దీనికి ఒప్పుకోలేదు. జయంతి రామయ్య పంతులుగారు 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తును స్థాపించాడు. ఆయన గ్రాంథికం పక్షాన నిలబడ్డాడు.

వారి వాదం కొట్టిపారేయదగింది కాదు. మాట్లాడే తెలుగు ఊరూరికీ మారుతుంది గదా, ఎవరి మాట వారు రాస్తే ఒక జిల్లావారి పుస్తకం మరొక జిల్లావారికి ఎలా తెలుస్తుందని వారు అడిగారు. పిల్లలు పాత భాషకు దూరమైతే భారత భాగవతాలను ఎవరు చదువుతారని కూడా అడిగారు.

దీనికి గిడుగువారు ఏమని జవాబు చెప్పాడు? చదువుకున్నవారు నలుగురిలో మాట్లాడే తెలుగు అన్ని జిల్లాలవారికీ తెలుస్తూనే ఉన్నది. దాన్నే రాయండి. పాత కావ్యాలను మానెయ్యమని ఆయన అనలేదు. చదివి ఆనందించటానికి పాత భాషను నేర్పండి, పిల్లలచేత రాయించటానికి మటుకు ఇప్పటి భాషను వాడండి అన్నాడు.

ఆయన ఒట్టి మాటలతో ఊరుకోలేదు. గ్రాంథికమే రాయాలనే పండితుల పుస్తకాలను తెచ్చి, వారి వ్యాకరణం ప్రకారమే వాటిలో ఉన్న తప్పులు ఏరి చూపించాడు. ఆ తప్పుల పట్టీతో 1933లో "ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం" అనే పుస్తకమే వచ్చింది. జీవితమంతా చదివిన పండితులే తప్పులు లేకుండా రాయలేని భాషను, పదేళ్ళ పిల్లవాడు ఎలా రాస్తాడు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పటం కష్టం.

అయినా ఆయన వెంటనే గెలవలేదు. 1914లో ఒక సంఘాన్ని నియమించారు. అందులో గ్రాంథికవాదుల మాటే నెగ్గింది. గురజాడవారు తన అసమ్మతిని చాలా వివరంగా రాసి ఇచ్చాడు. కొద్దికాలానికే పరీక్షలో ఇచ్చిన వెసులుబాటు పోయింది. 1915 నవంబరు 30వ తేదీన గురజాడవారు చనిపోయాడు. గిడుగువారు మటుకు వెనక్కు తగ్గలేదు. 1919లో "తెలుగు" అనే పత్రిక పెట్టాడు. ఊరూరా తిరిగి ఉపన్యాసాలు ఇచ్చాడు. ఆ ఏడే రాజమండ్రిలో వాడుకభాష కోసం ఒక సమాజం ఏర్పడితే, అంతకు ముందు గ్రాంథికంలో ఎన్నో పుస్తకాలు రాసిన కందుకూరి వీరేశలింగం పంతులుగారే దానికి అధ్యక్షుడుగా ఉన్నాడు.

1940 జనవరి 22వ తేదీన గిడుగువారు కన్నుమూశాడు. బడి పుస్తకాలు పూర్తిగా మారటం ఆయన చూడలేదు. కథలూ, పత్రికలూ ముందు మారాయి. బడీ, పరీక్షా వాటి వెనక నెమ్మదిగా వచ్చాయి. ఇవాళ మీ తరగతిలో మీరు "ఇచ్చాడు" అని రాస్తే ఎవరూ కొట్టెయ్యరు. ఆగస్టు 29వ తేదీన మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకునేది ఆయన పుట్టినరోజు అనే.

మరి ఇప్పుడు నియమాలే లేవా?

ఉన్నాయి! మాట్లాడే భాషలో రాయవచ్చునంటే, ఎలా పడితే అలా రాయవచ్చునని అర్థం కాదు. రోడ్డుమీద బండ్లు ఎడమ పక్కన నడవాలనే నియమం ఎందుకు పెట్టారు? ఒకదాన్నొకటి గుద్దుకోకుండా ఉండటానికి. రాతలో నియమాలు కూడా అటువంటివే. చదివేవాడు ఎక్కడా తట్టుకుని పడకూడదు. ముఖ్యమైన నియమాలు ఇవి:

ఒకటి: ఒక కాగితంలో ఒకే పద్ధతి ఉండాలి. "మామయ్య నిన్న వచ్చెను. మిఠాయి తెచ్చాడు" అని రాయకూడదు. "వచ్చాడు, తెచ్చాడు" అనండి. అలాగే "వ్రాశాడు" అన్నా తప్పు లేదు, "రాశాడు" అన్నా తప్పు లేదు. కాని మొదటి వాక్యంలో ఒకటీ, రెండో వాక్యంలో మరొకటీ ఉంటే చదివేవారికి చికాకు.

రెండు: అర్థం మారే చోట అక్షరం మారకూడదు. "కల" నిద్రలో వస్తుంది, "కళ" నేర్చుకుంటే వస్తుంది. "అర్థం" అంటే మాటకు భావం, "అర్ధం" అంటే సగం. పాఠం "అర్ధం" అయిందని రాస్తే, సగమే అయిందని పంతులుగారు అనుకోవచ్చు! బహుమతి ఇవ్వటం "ప్రదానం", ముఖ్యమైనది "ప్రధానం". "బాధ" అనే మాటలో వత్తు "ధ" కు ఉంటుంది గాని "బ" కు ఉండదు.

మూడు: లో, కి, తో, నుంచి వంటివి తమంత తాము నిలబడలేవు. వాటిని ముందున్న మాటకు అంటించి రాయాలి. "బడి లో", "రాము తో" అని విడదీయకండి. "బడిలో", "రాముతో" అనండి. పూర్వం తాటాకులమీద రాసేటప్పుడు మాటల మధ్య చోటు వదలకుండా వరసగా రాసుకుపోయేవారు. మాటకూ మాటకూ మధ్య చోటు వదలటం అచ్చుపుస్తకాలు వచ్చాక మనకు బాగా అలవాటయింది. అది చదివేవాడి కంటికి సాయం. దాన్ని సరి అయిన చోట వదిలితేనే సాయం చేస్తుంది.

నాలుగు: గౌరవం వాక్యం చివరిదాకా ఉండాలి. "తాతగారు వచ్చాడు" అంటే ముందు కుర్చీ వేసి వెనకనించి లాగేసినట్టు ఉంటుంది. "తాతగారు వచ్చారు" అనాలి. చరిత్రలో గొప్పవారిని గురించి చెప్పేటప్పుడు "ఆయన రాశాడు" అనటం ఉన్నది. ఈ వ్యాసంలో కూడా అలాగే ఉన్నది. ఇంటి పెద్దలనూ, ఎదుటివారినీ మటుకు అలా అనం.

అయిదు: కామాను చిన్న చూపు చూడకండి. అది ఇంగ్లీషు అచ్చుపుస్తకాల నుంచి మనకు వచ్చిన చుట్టం. కాని ఎంత పని చేస్తుందో చూడండి. మీ ఇంటికి ఒక చీటీ వచ్చింది:

"రంగయ్య మామ కొడుకు భోజనానికి వస్తారు."

వచ్చేది ఒక్కరే - రంగయ్య మామగారి అబ్బాయి. ఇప్పుడు కామా పెట్టండి. "రంగయ్య మామ, కొడుకు భోజనానికి వస్తారు." ఇద్దరయ్యారు. "రంగయ్య, మామ కొడుకు భోజనానికి వస్తారు" అంటే మళ్ళీ ఇద్దరే, కాని మనుషులు వేరు. "రంగయ్య, మామ, కొడుకు" అంటే ముగ్గురు! ఎన్ని విస్తళ్ళు వెయ్యాలో అమ్మకు ఎలా తెలుస్తుంది?

ఆరు: జనంలో ఉన్న మాట ఉండగా, లేని మాటను పుట్టించకండి. రైలును ఒకప్పుడు కొందరు "ధూమశకటం" అన్నారు. ఆ పేరుతో టిక్కెట్టు అడిగినవాళ్ళు లేరు. రైలు, బస్సు, పెన్సిలు తెలుగులో కలిసిపోయిన మాటలే. అలా అని, "చెట్టు" అనే చక్కని మాట ఉండగా దాన్ని కూడా ఇంగ్లీషులో అనటం దేనికి?

మీ ఊరి మాట తప్పు కాదు

ఇంకొక ముఖ్యమైన సంగతి. "వచ్చాడు" అని కొందరంటారు, "వచ్చినాడు" అని కొందరంటారు, తెలంగాణలో "వచ్చిండు" అంటారు. వీటిలో ఏది ఒప్పు? అన్నీ ఒప్పే. పుస్తకాలలోనూ, పత్రికలలోనూ ఎక్కువగా కనిపించే తెలుగు కోస్తా జిల్లాలలో చదువుకున్నవారి మాటకు దగ్గరగా ఉంటుంది. ముందుగా అక్కడ అచ్చుకూటాలూ, పత్రికలూ పెరగటం అందుకు ఒక కారణం. అంతేగాని ఆ మాట గొప్పదీ కాదు, మిగతావి తక్కువవీ కాదు.

కనక మీ తరగతిలో ఎవరన్నా "వచ్చిండు" అంటే నవ్వకండి. నవ్వితే ఆ పిల్లవాడు మరొకసారి నోరు విప్పడు. గిడుగువారు పోగొట్టాలనుకున్నది ఆ భయాన్నే. అందరూ చదవవలసిన వ్యాసంలో అందరికీ అలవాటైన రూపం రాయటం సౌకర్యం. కథలో మీ అవ్వ మాట్లాడేటప్పుడు మటుకు, అవ్వ ఎలా మాట్లాడుతుందో అలాగే రాయండి. అప్పుడే ఆవిడ మీ అవ్వ అవుతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు రాసిన కాగితం మీ చేతికి వస్తే ముందు తప్పులు వెతకకండి. వాళ్ళు ఏం చెప్పారో చదవండి. అది బాగుంటే బాగున్నదని చెప్పండి. ఆ తరవాత ఒకటి రెండు తప్పులు చూపించండి. పది తప్పులు ఒక్కసారి చూపిస్తే పిల్లవాడికి ఒక్కటి కూడా గుర్తుండదు, రాయటమంటే మటుకు విసుగు పుడుతుంది.

ఈ నెల పని

ఈ కింది మూడు వాక్యాలలో అయిదు తప్పులున్నాయి. పైన చెప్పిన నియమాలు చూసుకుంటూ పట్టుకోండి. జవాబు చూడకుండా చెయ్యాలి సుమా!

"మా బడి లో నిన్న బహుమతి ప్రధానం జరిగెను. కలెక్టరుగారు వచ్చాడు. ఆయన చెప్పింది నాకు బాగా అర్ధం అయింది."

ఇది అయ్యాక, మీ అమ్మమ్మకో తాతయ్యకో ఒక ఉత్తరం రాయండి. ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టే రాయాలి. రాశాక పైకి చదవండి. ఎక్కడ నాలుక తట్టుకుంటుందో అక్కడ మార్చండి. తరవాత పోస్టులో వెయ్యటం మరిచిపోకండి!

జవాబు: "బడి లో" కలిపి రాయాలి - బడిలో. "ప్రధానం" కాదు, ప్రదానం. మిగతా వాక్యాలు వాడుకభాషలో ఉన్నాయి గనక "జరిగెను" బదులు జరిగింది. "కలెక్టరుగారు వచ్చాడు" కాదు, వచ్చారు. "అర్ధం" కాదు, అర్థం.